ఇంట్లో కోయ మాట్లాడితే పాప బడిలో వెనకబడుతుందా? కోయ రాకపోతే కోయపిల్ల కాకుండా పోతుందా?

తమ్ముడూ, మీది ఎన్నో గట్టో రాయలేదు. గట్టంటే మన కోయల్లో వంశాల గుంపు. అది తెలిస్తే మిమ్మల్ని తమ్ముడనాలో బావ అనాలో తేలిపోయేది. తేలేదాకా తమ్ముడే.

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం కుదించి చెప్తున్నాను. మీది చర్ల వైపు, మీ ఆవిడది చింతూరు వైపు. ఇద్దరూ కోయలే, ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగస్తులే. పాపకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని బడివాళ్లు చెప్పారు. మీ అమ్మగారేమో మనవరాలికి మన మాట రావట్లేదు, రేపు ఇది కోయపిల్లంటే ఎవరు నమ్ముతారని బాధపడుతోంది. ఎవరి మాట వినాలి, నేర్పితే ఏ లిపిలో నేర్పాలి అని అడిగారు.

ఇంట్లో కోయ మాట్లాడండి. బడిలో వెనకబడదు. ఒకవేళ కోయ సరిగా పట్టుబడకపోయినా మీ పాప కోయపిల్లే, ఆ హక్కు ఎవరూ తీసేయలేరు. కాకపోతే మీరిద్దరూ ఇంట్లో మాట్లాడినంత మాత్రాన భాష నిలబడదు. దానికి మనుషులు కావాలి. అసలు కష్టం అక్కడే ఉంది.

నేను ములుగు వైపు కోయ ఇంట్లో పుట్టాను. ఏజెన్సీ ప్రాథమిక బడుల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఉమ్మడి రాష్ట్రంలో కోయ వాచకాలు తయారుచేసినప్పుడు ఆ పనిలో కొంతకాలం కూర్చున్నాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందు బడి సంగతి. ఇంగ్లీషే మాట్లాడమన్న టీచరమ్మకు చెడు ఉద్దేశమేమీ ఉండదు. కానీ మీ ఇంట్లో ఒక సాయంత్రం ఎలా ఉంటుందో చూసుకోండి. ఆఫీసు ఇంగ్లీషు మీ ఇద్దరికీ బాగానే వచ్చి ఉంటుంది. పాప జ్వరంతో అన్నం వద్దని మారాం చేస్తుంటే ఆ ఇంగ్లీషు ఎంతవరకు వస్తుంది? "కమ్", "ఈట్", "డోంట్ డూ దట్" దగ్గర ఆగిపోతుంది. అందులో పాపను ఆటపట్టించలేరు, నువ్వు పుట్టిన రోజు ఏమైందో తెలుసా అని మొదలుపెట్టి అరగంట కథ చెప్పలేరు. నాలుగేళ్ల పిల్లకు ఆ కబుర్లే కావాలి. ఎందుకు, ఎట్లా, తర్వాతేమైంది అని అడిగి జవాబు రాబట్టుకునే అలవాటు ఏ భాషలో పడినా బడి భాషలోకి దాని వెంటే వస్తుంది. ఆ అలవాటే పడని పిల్లకు ఇంగ్లీషు పదాలు ఎన్ని వచ్చినా పాఠం బుర్రకెక్కదు.

కొన్నాళ్లు మూడు భాషలూ ఒకే వాక్యంలో కలిపేస్తుంది. కంగారు పడకండి, రెండు మూడు భాషలున్న ఏ ఇంట్లోనైనా పిల్లలు అంతే. భాషలు ఎక్కువైనందువల్ల మాట ఆలస్యం కాదు. ఏ భాషలోనూ వయసుకు తగ్గ మాట రావడం లేదనిపిస్తే ముందు చెవి పరీక్ష చేయించండి. భాష మానేయడం దానికి మందు కాదు.

ఏజెన్సీ బడిలో ఇది ఎట్లా ఉంటుందో ఒకటి చెప్తాను. ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. తెలుగు వాచకం తెరిస్తే తల వంచుకునేవాడు, ఏమడిగినా నోరు విప్పేవాడు కాదు. లెక్కలు అసలే రావని మా తోటి మాస్టారు రాసిపెట్టారు. ఎండాకాలంలో వీళ్లంతా ఇంట్లో తునికాకు కట్టలు కడతారు, కట్టకు యాభై ఆకులు. ఒకరోజు ఒక కట్ట తెచ్చి వాడి ముందు పెట్టి, ఇందులో కొన్ని ఆకులు తీసేశాను, ఎన్ని తక్కువో చెప్పమని కోయలో అడిగాను. వాడు ఆకులు విప్పి, ఐదేసి చొప్పున నేల మీద పరిచి, ఎనిమిది తక్కువని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆకు కొనే కల్లేదారు దగ్గర ఇట్లాంటి కట్ట పెడితే పక్కన పడేస్తాడని నాకే హెచ్చరిక చేశాడు. లెక్క వాడికి ముందునుంచే వచ్చు. మేం అడిగే భాషే వాడికి అందలేదు.

మీ పాప పరిస్థితి దీనికి తలకిందులు. ఆ పిల్లవాడికి చుట్టూ కోయ ఉంది, బడిలో తెలుగు గోడలా అడ్డం నిలబడింది. మీ పాపకు చుట్టూ తెలుగు, ఇంగ్లీషు, కాస్త హిందీ. కోయ ఒక్కటే లేదు. అందుకని మా ఏజెన్సీ బడుల సూత్రం మీకు ఉన్నదున్నట్టు పనికిరాదు. బడి భాషల గురించి మీరు దిగులు పడనక్కర్లేదు, అవి ఎట్లాగూ వస్తాయి. శ్రద్ధంతా కోయ మీద పెట్టండి.

ప్రభుత్వం ఇవన్నీ నేర్పదా అని కూడా అడిగారు. కొంత చేసింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా. పుస్తకాలు తెలుగు లిపిలో వేశారు. ఒకటో తరగతిలో ఇంటి భాష, పక్కనే నోటిమాటగా తెలుగు, తరగతి పెరిగేకొద్దీ తెలుగు పాలు పెంచుకుంటూ పోవడం ఆలోచన. ఆలోచన మంచిదే. భాష వచ్చిన టీచరు ఉన్నచోట పిల్లలు బడి మానేయడం తగ్గడం నేను చూశాను. టీచరు బదిలీ అయిపోయి, కోయ ముక్క రాని మాస్టారు వచ్చినచోట అవే పుస్తకాలు బీరువాలో ఉండిపోవడమూ చూశాను. ఒకే గదిలో కోయ, కొండరెడ్డి, లంబాడా పిల్లలు కలిసి కూర్చునే ఊళ్లలో ఏ పుస్తకం తెరవాలన్నది ఇంకో చిక్కు.

టీచర్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. మావాళ్లు ఎంతోమంది దాని వల్లే మాస్టర్లయ్యారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతులతో ఉండనిచ్చారు. తీర్పులో న్యాయశాస్త్రం ఏదైనా కావచ్చు, ఒకటో తరగతి గదిలో దాని అర్థం మాత్రం పిల్లవాడి మాట అర్థమయ్యే మనిషి దొరకడం ఇంకా కష్టమవడమే. రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషే అంటుంది, కాకపోతే "వీలైనంత వరకు" అని ఒక చిన్న కిటికీ తెరిచిపెట్టింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ కిటికీలోంచి దూరిపోయిన ఫైళ్లే చూశాను.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు వాళ్ల భాషలో బడులు పెట్టించిన మనిషి. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. కొండల్లో జ్వరానికి క్వినైన్ మింగీ మింగీ చెవుడు తెచ్చుకున్నారు. ఆ రోజు దండలు వేసే సభల్లో సవర మాట ఒక్కటి వినబడితే చెప్పండి.

అటు ఆదిలాబాద్‌లో ఇంకో కథ. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో చనిపోయాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోమని నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే కేంద్రం పెట్టారు, గోండిలో వాచకాలు వేశారు. అందులో చదువుకున్నవాళ్లు గోండుతనం వదులుకోలేదు, అర్జీలు రాయడం నేర్చుకుని భూమి పట్టాలు అడిగారు. చదువుకుంటే ఆదివాసీతనం పోతుందనేవాళ్లకు నేను మార్లవాయి పేరే చెప్తాను.

మరి పోయేది ఎక్కడ? నేను చూసినంతలో హాస్టళ్లలో. మూడో తరగతికో ఐదో తరగతికో పిల్లవాణ్ణి ఆశ్రమ పాఠశాలలోనో గురుకులంలోనో వేస్తారు. దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు ఇంటికొస్తాడు. అక్కడ పది భాషల పిల్లలుంటారు, అందరికీ కలిసే మాట తెలుగు. ఒక హాస్టల్లో ఎనిమిదో తరగతి కుర్రాడికి ఆదివారం వాళ్లమ్మ ఫోన్ చేసేది. ఫోన్ వార్డెన్ గదిలో ఉండేది, చుట్టూ పిల్లలు వరుసలో నిలబడేవాళ్లు. ఆమె కోయలో అడుగుతుంటే వీడు గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఆఁ, తిన్న. ఆఁ, బాగున్న" అని తెలుగులో జవాబు చెప్పేవాడు. వాడికి కోయ రాక కాదు. పక్కవాళ్లు వింటారని. అక్కడ కోయ మాట్లాడితే ఎగతాళి చేసే పెద్దలు కూడా ఉండేవాళ్లు. హాస్టళ్లు వద్దని మాత్రం అనను, అవి లేకపోతే మాలో చాలామందికి పదో తరగతి దాటే దారే లేదు. వరుసలో నిలబడి సిగ్గుపడే ఆ పిల్లవాడి సంగతి ఎవరూ పట్టించుకోలేదనే నా బాధంతా.

ఇక మీ అమ్మగారి భయం. ఆమెకు ఇట్లా చెప్పండి. కొండరెడ్లు పుట్టుకతో మాట్లాడేది తెలుగే. నల్లమల చెంచులదీ తెలుగే. వాళ్లు ఆదివాసులు కాదని ఎవరంటారు? ఇంకోవైపు 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు తట్టుకోలేక మన అడవుల్లోకి వలసొచ్చినవాళ్లున్నారు, గుత్తికోయలంటాం. వాళ్ల పిల్లల కోయ మన పిల్లల కోయకంటే చిక్కగా ఉంటుంది. అయినా ఎస్టీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది కాబట్టి ఇక్కడ వాళ్లకు ధ్రువపత్రం దొరకదు. అంటే భాషతో కాగితం రాదు, భాష పోతే కాగితం పోదు.

ఎవరిని గిరిజన తెగ అనాలో చెప్పడానికి 1965లో లోకూర్ కమిటీ ఐదు లక్షణాలు రాసింది. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, విడిగా ఉండే ప్రాంతం, బయటివాళ్లతో కలవడానికి బిడియం, వెనకబాటు. బిడియం సంగతే చూస్తే, ఎల్‌కేజీలో స్టేజీ ఎక్కి రైమ్స్ పాడే మీ పాప ఆ పరీక్షలో మొదటి రోజే తప్పుతుంది! ఆ లక్షణాలు తెగను జాబితాలో చేర్చడానికి చూసేవి, ఒక్కో పిల్లను నిలబెట్టి అడిగేవి కావు. పిల్లకు సర్టిఫికెట్ తల్లిదండ్రుల తెగను బట్టి, 1993 నాటి చట్టం ప్రకారం వస్తుంది. అనుమానం వచ్చి విచారణ పెడితే ఆచారాలు, దేవుళ్లు, పెళ్లి పద్ధతులు అడుగుతారు. అవి చెప్పలేకపోయినంత మాత్రాన తెగ కాదనేయడం కుదరదని, ఆ పరీక్ష ఒక్కటే గీటురాయి కాదని 2023 మార్చిలో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత కాగితాలకు ఎక్కువ విలువ ఇచ్చింది.

అయినా మీ అమ్మగారు అడిగింది ఎమ్మార్వో నమ్ముతాడా లేదా అని కాదని నా అనుమానం. ఊరివాళ్లు నమ్ముతారా, తనతో మనవరాలు ఏ మాటలో మాట్లాడుతుందీ అని. దానికి కోర్టు తీర్పు పనిచేయదు. ఊళ్లో ఎవరైనా కొత్త మనిషి కనబడితే మనవాళ్లు భాష పరీక్ష పెట్టరు. ఇంటిపేరు, గట్టు అడుగుతారు. మీ వేల్పు ఎక్కడ, పూజ చేసే పెర్మ ఎవరు, ఎవరి కూతురివి అంటారు. మూడు నుంచి ఏడు దాకా గట్లలో మీది ఏదో పాపకు తెలిస్తే, ఆ ఊళ్లో ఎవరు అన్న వరస, ఎవరు బావ వరస అన్నది దానంతట అదే తెలిసిపోతుంది. ముందు ఇవి నేర్పండి. నాలుగున్నరేళ్ల పిల్లకు వరసలంటే సరదా.

భాషకు మనుషులు కావాలని మొదట అన్నాను కదా. నేనైతే ఇట్లా చేస్తాను. స్నానం, అన్నం, నిద్ర వేళల్లో పాపతో కోయ తప్ప వేరే మాట వాడకండి. పాప తెలుగులో జవాబిస్తే సరిదిద్దొద్దు, మీరు మాత్రం కోయలోనే కొనసాగించండి. నాయనమ్మకు వీడియో కాల్ చేసి "హాయ్ చెప్పు" అని ఊరుకోకుండా, ఏదో ఒక పని పెట్టండి. ఇవాళ కోడి ఎన్ని గుడ్లు పెట్టిందో కనుక్కో అంటే సరిపోతుంది. పనిలేని కాల్‌లో పిల్లలు రెండు నిమిషాలకే పారిపోతారు. ఎండాకాలం సెలవులు ఊళ్లోనే గడపనివ్వండి, వీలైతే మీరు లేకుండా. మీరుంటే తెలుగు అందుబాటులో ఉన్నట్టే. ఊళ్లో దాని ఈడు పిల్లలు నెల రోజుల్లో నేర్పింది మీరు ఏడాదిలో నేర్పలేరు.

మేడారం తీసుకెళ్తే చాలంటారు కొందరు. తీసుకెళ్లండి, సమ్మక్క మన తల్లి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి కోయ పూజారులు చిలుకలగుట్ట నుంచి ఆమెను తేవడం పాప చూడాల్సిందే. కానీ ఆ జనసముద్రంలో మైకుల నిండా తెలుగే. భాష వినబడేది మీ ఊరి విత్తనాల పండుగలో, రేలా పాటల్లో. డోలి చెప్పేవాళ్లు, అంటే మన వేల్పుల కథలు పాడేవాళ్లు, దగ్గర్లో ఎవరైనా మిగిలి ఉంటే పడిగె (కథ బొమ్మల గుడ్డ) విప్పి కథ చెప్పించుకోండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. అట్లా కథంతా నోటికి వచ్చినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువమంది.

లిపి గురించి ఇప్పుడు కొట్టుకోవద్దు. గోండికి గుంజాల లిపి ఉంది, ఆదిలాబాద్‌లోని గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల్లోది. 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆచార్య సత్తుపాటి ప్రసన్నశ్రీ చాలా ఆదివాసీ భాషలకు లిపులు తయారుచేశారు. ఎవరి ఉద్దేశం వాళ్లది, గౌరవించాల్సిందే. మీ పాపకైతే తెలుగు అక్షరాలు ఎట్లాగూ వస్తాయి, వాటితోనే కోయ రాయనివ్వండి. నాయనమ్మ చెప్పిన కథ ఒకటి మీరు రాసి, పాపతో బొమ్మలు వేయించి, కుట్టి పుస్తకం చేయండి. వాచకాల పనిలో మేం చేసింది దాదాపు ఇదే, కాకపోతే కమిటీతో.

మీ ఇద్దరి కోయ కొంచెం తేడాగా ఉంటుందని, ఏది సరైనదని అడిగారు. ఆ కమిటీలో కూడా చింతూరువాళ్లకూ ఏటూరునాగారంవాళ్లకూ పొద్దుటినుంచి టీ దాకా ఇదే రభస. చివరికి ఒకటి అచ్చువేసి, చదివేటప్పుడు టీచరు తన ఊరి మాట చెప్పుకోవచ్చని వదిలేశాం. 2014లో చింతూరుతో కలిపి ఏడు మండలాలు ఆంధ్రలోకి వెళ్లాక అటూ ఇటూ పుస్తకాలు వేసే ఆఫీసులే వేరైపోయాయి. మీ ఇంట్లో ఆ గోల వద్దు. అమ్మ మాట అమ్మది, నాన్న మాట నాన్నది. పిల్ల రెండూ వాడుతుంది, ఎవరిదగ్గర ఏది వాడాలో కూడా దానికే తెలుస్తుంది.

ఇంకో రెండు పనులు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాష అని రాయించింది 4 లక్షల పైచిలుకు మంది, కోయలం అంతకంటే ఎక్కువే ఉన్నాం. పట్నంలో లెక్కలవాళ్లు మిమ్మల్ని చూసి, అడక్కుండానే తెలుగు అని రాసేస్తారు. ఈసారి వచ్చినప్పుడు మాతృభాష కోయ అని నోటితో చెప్పి, రాసింది చూసి పంపండి. రెండోది, పాప సర్టిఫికెట్ పదో తరగతి దాకా ఆపకండి. మీ నాన్నగారి పాత సర్టిఫికెట్, బడి రికార్డు, భూమి కాగితాలు, ఉంటే తాతగారి కాలం నాటివి కూడా తీసి జిరాక్సులు పెట్టుకోండి. దరఖాస్తు హైదరాబాద్‌లో పెట్టాలా సొంతూరి తహసీల్దారు దగ్గరా అన్నది మీసేవలో ముందే కనుక్కోండి. మీ గట్టు ఏదో కింద రాయండి, వరస తేల్చుకుందాం.